ఫోగు పొదకు ఇరుగుపొరుగు

మొక్కను సేకరించి, ఒత్తి, ఆరబెట్టి, అట్టకు అంటించి, దాని క్రింద నామధేయము వ్రాయువారు పెక్కుమంది కలరు. కాని ఆ మొక్క ఎట్టి నేలలో నిలిచియుండెనో, దాని ప్రక్కన ఏయే మొక్కలు కూడియుండెనో, ఉండదగినదై యుండియు కానరానిది ఏదో ఓపికతో వ్రాసికొనువారు అరుదు. వృక్షపరిశీలన మనెడు ఈ విద్యలో నాకు మిక్కిలి ప్రీతిపాత్రమైనది ఆ రెండవ పనియే.

థారు ఎడారిలో, జైసల్మేరు బీకానేరు ప్రాంతముల ఇసుకతిన్నెలపై పెరిగెడు ఫోగు పొదను చూచినవారికి ఈ పని యొక్క విలువ తెలియును. దాని ఆకులు లేవనదగినంత సూక్ష్మములు. ఆకులు చేయవలసిన పనిని పచ్చని సన్నకొమ్మలే చేయును. వసంతారంభమున వచ్చు దాని మొగ్గలను అచ్చటివారు ఫోగ్లా అని పిలిచి, పెరుగులో కలిపి రాయితాగా ఆరగింతురు. దాని వేళ్లు ఇసుకలో దూరదూరముగా ప్రాకి, గాలికి కదలిపోవు తిన్నెను పట్టి నిలుపును. ఎడారిలో బంకనేలకంటె ఇసుకయే మొక్కకు దయగలది. ఏలయన కురిసిన కొద్దిపాటి వాన ఇసుకలో త్వరగా లోనికింకి, పైపొర యెండినను అడుగున చాలకాలము చెమ్మగా నిలిచియుండును. ఫోగు ఆ చెమ్మను నమ్ముకొని బ్రదుకు పొద.

తిన్నె పైనుండి క్రిందికి నడచుచు వచ్చినచో దాని ఇరుగుపొరుగు క్రమముగా మారుట కనబడును. పైన ఫోగుతో మురట్ గడ్డి. వాలున ఖీంపు, సీనియా, మన కొండపిండికి దగ్గరి చుట్టమైన బుయి. తిన్నెల నడుమ సమతలమైన ఇసుకనేలలో పశువులకు ప్రాణాధారమైన సేవన్ గడ్డి. గులకరాతి గట్టినేల తగులగానే ఫోగు పలుచబడి, ఆకులులేని ముళ్లకొమ్మల కరీరము, చిన్న రేగుపొదలు అగపడును. ఉప్పు తేలిన పల్లములలో ఉప్పునోర్చు లాణా వంటి పొదలు మాత్రమే నిలుచును. ఒండ్రు కలిసిన పొలములలో ఖేజ్డీ వృక్షము గోచరించును. అది మన జమ్మియే. రాజస్థానమునకును తెలంగాణకును రాష్ట్రవృక్షము అదే యగుట నాకెంతయు సంతోషము గొల్పు విషయము.

మొక్కల పొత్తును చూచి నేలలోని రహస్యమును గ్రహించు ఈ విద్య మన దేశమునకు క్రొత్తది కాదు. ఆఱవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో దకార్గళమను అధ్యాయమునందు భూగర్భజలము నెఱుగు విధమును చెప్పుచు, మరుదేశమునకు ప్రత్యేకముగా కొన్ని లక్షణములను నిర్దేశించెను. రేగు, రోహీతకము కలిసి పెరిగిన చోటు వానిలో నొకటి. ఒక్క చెట్టును గాక చెట్టుప్రక్కన చెట్టును చూడుమని ఆ మహనీయుడు చెప్పిన తీరు నన్ను ఎప్పటికప్పుడు ఆశ్చర్యమున ముంచును. ఆయన చెప్పిన లోతులన్నియు సరిపోవునా యన్నది వేఱు మాట. చూపు మాత్రము సరియైన చూపు. ఇటీవలికాలమున బ్లాటరు, హాల్బెర్గు అను పండితులు 1918-21 మధ్య జోధపూరు, జైసల్మేరు సీమల వృక్షసంపదను గ్రంథస్థము చేసిరి; జోధపూరులో కేంద్ర శుష్కమండల పరిశోధన సంస్థ 1959లో రూపొందినది. వీరందఱి శ్రమవలననే ఏ నేలకు ఏ మొక్క చెందునో మనకిప్పుడు కొంత తెలియవచ్చుచున్నది.

తెలిసికొన్నంతలోనే ఆ పొద కరగిపోవుచుండుట నన్ను బాధించును. ఫోగు కట్టె మిక్కిలి వేడినిచ్చును. అందుచేత బొగ్గుకొఱకు దాని వేళ్లను సైతము త్రవ్వితీయుదురు. పూర్వము ఒంటెను కట్టిన నాగలి పొద మొదళ్లను తప్పించుకొని సాగెడిది. ట్రాక్టరు అట్లు తప్పించుకొనక వేళ్లతో పెకలించివైచును. కాలువనీరు వచ్చిన చోట్ల తిన్నెలే చదునై పొలములుగా మాఱినవి; మఱికొన్నిచోట్ల సర్కారుతుమ్మ ఆ స్థానము నాక్రమించినది. వేళ్లు పోగా ఇసుక మరల కదలును. ఆ ఇసుక కదలినపుడు మురట్, సేవన్ నిలుచుట కష్టము. సేవన్ తగ్గినచో గోసంపదకు మేత తగ్గును.

కావున ఈ విద్య నభ్యసించు యువకులకు నేను చెప్పునది, ఒక పొద పేరు వ్రాసినపుడెల్ల దానికి చుట్టునున్న పదియడుగుల నేలనుగూడ వ్రాయుడని. లేని మొక్క లేదని వ్రాయుటయు అందులో చేరును. నరికిన మొదలు, త్రవ్విన గుంట అన్నియు కాగితముపైకి రావలెను. ఏబదియేండ్ల తరువాత ఆ తిన్నెపై ఫోగును మరల నాటదలచినవారికి, దానితోపాటు ఏ గడ్డిని ఎచ్చట విత్తవలెనో ఆ కాగితమే తెలుపగలదు.