డిక్కీలో ఇల్లు

క్రికెటర్‌కి సొంతగడ్డ ఉంటుంది. పహిల్వాన్‌కి తన తాలింఖానా మట్టి ఉంటుంది. ఊరూరూ తిరిగే గోల్ఫరూ, నీకేముంది? ఈ వారం నడిచిన పచ్చిక మళ్లీ ఏడాదికి గానీ నీ కాలికి తగలదు. వచ్చే వారం గడ్డి వేరు, ఇసుక వేరు, గాలి వేరు. విమానం టికెట్టు నీది, లాడ్జి అద్దె నీది, క్యాడీ కూలి నీది. గురు, శుక్రవారాలు ఆడి, చివరి రౌండ్లకి దారి ఇచ్చే కట్ దాటలేదా, చాలా టూర్లలో ఆ వారానికి నీ చేతికి పైసా రాదు. అయినా సోమవారం తెల్లారకముందే బ్యాగు ఎత్తుకుంటావు. నీ భుజానికి దండం.

ఆ బ్యాగుకీ దండం. అందులో 14 క్లబ్బులు; అంతకు మించితే నియమం ఒప్పుకోదు. మిగతా సరంజామాకి లెక్క లేదు గనక వాన గొడుగు, తడి తువ్వాలు, చెమటకి బిరుసెక్కిన గ్లవ్, ఒక అరటిపండు, అడుగున పోయిన ఊరి ఇసుక. అందరికీ ఇంటి అడ్రసు ఉంటుంది, నీకు కారు డిక్కీ ఉంది. వందేళ్లుగా నీ కథ ఆ కారు చుట్టూనే తిరుగుతోంది.

1920లో వాల్టర్ హేగన్ బ్రిటిష్ ఓపెన్ ఆడటానికి ఇంగ్లండ్‌లోని డీల్ వెళ్లాడు. ఆట మీద బతికేవాళ్లు క్లబ్‌హౌస్ గడప తొక్కకూడదన్నారు అక్కడి పెద్దమనుషులు. సరే అన్నాడు. ఖరీదైన కారొకటి అద్దెకు తెచ్చి సరిగ్గా క్లబ్‌హౌస్ ముంగిట నిలబెట్టాడు. బూట్లూ కోటూ అందులోనే మార్చుకున్నాడు. ఆటలో అట్టడుగున తేలాడు, అది వేరే సంగతి! రెండేళ్లు తిరిగి 1922లో అదే ఓపెన్ గెలిచాడు. లోపలికి రానివ్వని వాళ్ల కళ్లెదుటికి తన గడపని చక్రాల మీద తెచ్చుకున్న ఆ పొగరుకి వందనం.

తల్లులారా, మీకు మాత్రం సాష్టాంగమే.

1950లో 13 మంది ఆడవాళ్లు కలిసి అమెరికాలో ఆడవాళ్ల గోల్ఫ్ సంఘం ఎల్‌పీజీఏ పెట్టారు. ఆడవాళ్లు డబ్బు కోసం గోల్ఫ్ ఆడటమేమిటని లోకం మూతి విరిచే రోజులు. వాళ్లలో మార్లీన్ బావర్‌కి 16 ఏళ్లు. ఆ వయసుకి మన ఇళ్లల్లో పక్కవీధికి వెళ్లాలన్నా తోడు పంపేవాళ్లు. ఆదివారం ఒక ఊళ్లో ఆట ముగిసేది. కార్లు ఒకదాని వెనక ఒకటి వరసకట్టి బయల్దేరేవి. వందల మైళ్ల పత్తిచేలు, గోధుమచేలు, పెట్రోలు బంకుల్లో చల్లారిన కాఫీ. ఊరు చేరాక తీరిగ్గా ఆడటమేనా? గ్రీన్ మీద హోల్ ఎక్కడ ఉండాలో నిర్ణయించేది వాళ్లే. కోర్సుకి హద్దులు గుర్తుపెట్టేది వాళ్లే. తగవు వస్తే తీర్పు, చివరికి డబ్బుల పద్దు, అన్నీ వాళ్లే. మన సురభి వాళ్లు తెరలూ దీపాలూ పిల్లాజెల్లా బండికెత్తుకుని, దిగిన ఊళ్లో పందిరి తామే వేసుకుని, రాత్రికి తామే కృష్ణుడూ సత్యభామా అయిపోయినట్టు.

జనం రాకపోతే? మార్లిన్ స్మిత్ బేస్‌బాల్ మైదానానికి వెళ్లేది. ఆట మొదలయ్యే ముందు హోమ్ ప్లేట్ దగ్గర నిలబడి, గోల్ఫ్ బంతిని ఆకాశంలోకి లేపి, మా ఆట చూడ్డానికి రండని అందర్నీ పిలిచేది. ప్యాటీ బర్గ్ ఊరూరా బంతి కొట్టడం నేర్పుతూ, నవ్విస్తూ ప్రేక్షకుల్ని పోగుచేసేది. ఇక బేబ్ జహారియస్. 1932 ఒలింపిక్స్‌లో పరుగుకీ ఈటె విసురుకీ బంగారు పతకాలు తెచ్చుకున్న ఒళ్లు అది. 1953లో క్యాన్సర్‌కి ఆపరేషన్ చేసి కడుపుకి సంచి తగిలించారు. మరుసటేడు ఆ సంచితోనే యు.ఎస్. విమెన్స్ ఓపెన్ ఆడి 12 స్ట్రోకుల తేడాతో గెలిచింది. ఇప్పటి క్రీడాకారిణి చెక్కు మీద ఎన్ని సున్నాలున్నా, వాటి ముందున్న అంకె మీరు వేసింది.

అయితే ఆ కార్లన్నీ ఒకేలాంటి ఇళ్లు కావు. అల్తియా గిబ్సన్ 1957, 58ల్లో వింబుల్డన్ గెలిచిన మనిషి. 1964లో గోల్ఫ్ టూర్‌లోకి వచ్చింది, ఎల్‌పీజీఏలో తొలి నల్లజాతి క్రీడాకారిణిగా. ఆడనిచ్చిన క్లబ్బులు కొన్ని లోపలికి రానివ్వలేదు. కార్లో కూర్చునే బూట్లు మార్చుకుంది. హేగన్ కారు వేళాకోళం, ఆమె కారు గత్యంతరం. మగవాళ్ల పీజీఏ అయితే 1961 దాకా తెల్లవారికే సభ్యత్వమని నియమావళిలోనే రాసుకుంది. ఆ రాత చెరపడానికి నల్లజాతి గోల్ఫర్ చార్లీ సిఫర్డ్ యవ్వనం ఖర్చయిపోయింది. 1967లో హార్ట్‌ఫర్డ్‌లో టూర్ పోటీ గెలిచేనాటికి ఆయనకి 45. చుట్ట పళ్ల మధ్య బిగించి, తిట్లు మింగి, రేపటి ఊరికి దారి వెతుక్కున్న ఆ దవడకి వందనం.

దారి అన్నిసార్లూ దారి ఇవ్వదు. 1949 ఫిబ్రవరి 2. గోల్ఫర్ బెన్ హోగన్ భార్య వాలరీతో ఫోర్ట్‌వర్త్‌లోని ఇంటికి కారు నడుపుకుంటూ వెళ్తున్నాడు. టెక్సస్‌లో వాన్ హార్న్ దగ్గర పొగమంచు. ఎదురుగా బస్సు. క్షణంలో భార్యకి అడ్డంగా పడ్డాడు. స్టీరింగ్ దూసుకొచ్చి అతను కూర్చున్న చోటుని చీల్చింది. అక్కడ లేడు గనక బతికాడు. కటి ఎముక విరిగింది, కాళ్లలో రక్తం గడ్డకట్టింది. నడవడమే అనుమానమన్నారు. 16 నెలలకి మెరియన్ కోర్సులో, కాళ్లకి కట్లు చుట్టుకుని, ఆఖరి రోజు ఒక్క పగట్లో 36 హోల్స్ నడిచి, మర్నాడు ప్లేఆఫ్ ఆడి యు.ఎస్. ఓపెన్ ఎత్తుకున్నాడు. ఆ కప్పు చరిత్రకెక్కింది. నేను మొక్కేది ఆ కప్పుకి కాదు, పక్కకి ఒరిగిన ఆ శరీరానికి.

టీవీకి ఆదివారం కావాలి. ఎర్ర చొక్కా, చివరి పట్, పైకి లేచిన పిడికిలి. నాకు శుక్రవారం సాయంత్రం కావాలి. ఒక్క స్ట్రోకు తేడాతో కట్ తప్పినవాళ్లు పార్కింగులో బూట్ల మట్టి దులుపుకునే వేళ. ఎవరూ వాళ్ల ఫొటో తీయరు. ఒకడు ఫోన్లో విమానం తేదీ ముందుకు జరుపుతుంటాడు. ఒకడు ఇంట్లో చిన్నదానికి వీడియో కాల్ చేసి, ఆట సంగతి తప్ప అన్నీ మాట్లాడతాడు. ఇంకొకడు సాధన మైదానానికే తిరిగి వెళ్లి, చీకటి పడేదాకా ఏడో ఐరన్‌తో అదే దెబ్బ కొడుతుంటాడు. పొద్దున పదిహేనో హోల్ దగ్గర అది ఎందుకు కుడికి పోయిందో వాడికి తెలియాలి. ఈ ఆటని ఈడ్చుకొచ్చేది వీళ్లే. గెలిచినవాడు ఒక్కడు, వారానికొకడు. అతని కోసం పచ్చిక తడిపి నిలబెట్టింది మిగతా వందమంది చెమట. వాళ్ల వెనక్కి తిరిగిన వీపులకి వంద దండాలు.

గోల్ఫర్ ఆర్నాల్డ్ పామర్ సొంత విమానం తానే నడిపేవాడు. 1976లో జెట్ విమానంలో 57 గంటల చిల్లరలో భూగోళం చుట్టొచ్చాడు. బాగుంది. మన కుర్రాళ్లకి అంత ఆకాశం దొరకలేదు. దొరికిన నేల మీదనే ఎదిగారు. కలకత్తా రాయల్ క్లబ్‌లో గడ్డి చూసుకునే ఉద్యోగి కొడుకు చౌరాసియా ఆ గడ్డి మీదే ఆట పట్టి, 2008లో ఢిల్లీలో ఇండియన్ మాస్టర్స్‌తో యూరోపియన్ టూర్ టైటిల్ పట్టుకెళ్లాడు. వినికిడి లోపంతో పుట్టిన గోల్ఫర్ దీక్షా డాగర్‌కి నాన్నే క్యాడీ అయ్యాడు. ఆ అమ్మాయి ఎడమచేతి స్వింగు వెంట దేశాలు తిరిగిన తండ్రి భుజం కూడా ఈ స్తోత్రంలో పాలు పంచుకోవాల్సిందే.

ఇప్పుడు నువ్వు విశాఖ వచ్చావు, బాటసారీ. పోయినసారి గోల్కొండ నయా ఖిల్లా పక్కన ఆడావు, బండరాళ్ల మధ్య, ఎండు గాలిలో. ఇక్కడ ఈస్ట్ పాయింట్‌లో మెరకలూ పల్లాలూ, తల తిప్పితే సముద్రం, మధ్యాహ్నానికి అరచేతిలో గ్రిప్ జారే ఉప్పు చెమట. నీ యార్డేజ్ బుక్‌లో దూరాలున్నాయి, ఈ గాలి లేదు. క్లబ్ ఇచ్చిన స్థానిక క్యాడీ మోకాళ్ల మీద కూర్చుని, బంతి ఎడమకి వాలుతుందని చేయి చూపిస్తున్నాడు. నీ కళ్లకి కుడికి కనిపిస్తోంది. కళ్లని కాసేపు పక్కన పెట్టు. అతను చెప్పినంత వదిలి, ధైర్యంగా కొట్టు.