మూత మీది నిప్పు

రొట్టె గురించి మాట్లాడేవాళ్లు మామూలుగా పిండి దగ్గర మొదలుపెడతారు. పప్పు పొట్టుదా, ఛాయదా? రవ్వ ఎన్ని పాళ్లు? ఎంతసేపు నానాలి? అవన్నీ తెలుసుకోవాల్సినవే. అయినా కోనసీమలో చలికాలం రాత్రిపూట వేసే దిబ్బరొట్టెలో అసలు కళంతా మూత మీద పెట్టే నిప్పుల్లో ఉందని నా నమ్మకం. ఆ గుప్పెడు కణికలు లేకపోతే అది మందంగా పోసిన అట్టు. కణికలు పడ్డాకే అది రొట్టె.

మా ఊరు మామిడికుదురు అమలాపురం నుంచి రాజోలు వెళ్లే దారిలో, గోదావరి పాయ వైనతేయ దాటాక వస్తుంది. అటు వైనతేయ, ఇటు ఇంకో పాయ వశిష్ఠ, దిగువన సముద్రం, నడుమ నగరం లంక. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇక్కడ పొయ్యి దగ్గర కూర్చోవడం శిక్షే. గాల్లో తడి, ఒంటి మీద చెమట, కొబ్బరితోట నీడలో కూడా ఉక్క. మార్గశిరం వచ్చాక ఆ పొయ్యి దగ్గరే చోటు కోసం పోట్లాట మొదలవుతుంది. మా చలి గొప్ప చలేం కాదు. గూట్లో కొబ్బరినూనె సీసా తెల్లగా పేరుకుంటుంది, అంతే. ఇరవై నాలుగైదు డిగ్రీల దగ్గర గడ్డకట్టే నూనె అది. చలి ఎంతుందో చూసుకోవడానికి మా ఊళ్లో ఆ సీసా చాలు. తెల్లారి దాన్ని పొయ్యి పక్కన పెట్టి, కరిగినంత మేర అరచేతిలోకి వంపుకుని, జుట్టుకి కొంత, తెల్లగా పొడిబారిన మోచేతులకి కొంత రాసుకుంటే పదో తరగతి కుర్రాడికి డిసెంబరు మొదలైనట్టే.

పుష్యమాసంలో పూసగుచ్చ పొద్దుండదంటారు. బడి విడిచి, ట్యూషన్ చూసుకుని, కాలవగట్టు మీద సైకిలు తొక్కుకుంటూ ఇంటికొచ్చేసరికి చీకటి పడేది. సార్వా కోతలైపోయి చేలల్లో కుప్పలుండేవి. కొత్త గడ్డి వాసన మంచులో తడిసి బరువుగా దారి మీదికి దిగేది. గన్నవరం దగ్గర వైనతేయ మీద 1850ల్లో అక్విడెక్టు కట్టి గోదావరి కాలవను ఈ లంకలోకి దాటించారు. మా చేలకు ఆ నీళ్లే ఆధారం. రొట్టెలో పడే రవ్వ కూడా ఆ నీళ్లు తాగిన ధాన్యానిదే. అయితే మామ్మ కొత్త బియ్యాన్ని రవ్వకి రానిచ్చేది కాదు. "జిగురొస్తుంది, రొట్టె ముద్దైపోద్ది" అని పాత బియ్యమే విసిరేది.

గ్లాసు పొట్టు మినప్పప్పుకి రెండు గ్లాసుల రవ్వ. పప్పు మధ్యాహ్నమే నానబోసి, పొట్టు సగం పోయి సగం మిగిలేలా కడిగి, రుబ్బురోట్లో తిప్పేది. నీళ్లు చిలకరించడమే తప్ప పొయ్యడం ఉండదు. కాసేపటికి పొత్రం కింద పిండి ఉబ్బి, రోలు అంచు దాకా వచ్చేది. మినుములో ఉండే జిగురు, మాంసకృత్తులు కలిసి గాలిని చిన్నచిన్న బుడగలుగా పట్టి ఉంచుతాయి. వేసవిలో ఈ పిండి ఊరికే పులిసిపోతుంది. చలికాలంలో పులుపు తొందరపడదు. సాయంత్రం రుబ్బింది రాత్రికి తియ్యగానే ఉంటుంది, పొంగు మాత్రం తెచ్చుకుంటుంది. మినుము తన సొంత రుచితో దొరికేది ఈ రెండు మూడు నెలలే.

పిండి పని మామ్మది. నిప్పు పని మాది, అంటే ఇంట్లో ఉన్న పదమూడు, పదిహేనేళ్ల వాళ్లది. కొబ్బరి మా ఊళ్లో పంట, వంట, పొయ్యి అన్నీ. కింద కుంపట్లోకి మామూలు బొగ్గులు చాలు. మూత మీదికి మాత్రం కొబ్బరిచిప్పల నిప్పే కావాలి. పెరట్లో చిప్పలు పోగేసి అంటిస్తే ముందు భగ్గున పొగతో మండుతాయి. ఆ మంటకి తొందరపడకూడదు. అది తగ్గి, చిప్ప ఆకారం చెడకుండా ఒళ్లంతా ఎర్రబడి, పైన సన్నని తెల్లబూడిద పట్టినప్పుడు పట్టకారుతో ఒక్కొక్కటే తీసి మూత మీద పేర్చాలి. కింద తక్కువ, పైన ఎక్కువ. కింది వేడి తనంతట తాను పైకి వస్తుంది, పై వేడిని మూత ఇనుము కాగి కిందికి దించాలి. ఈ లెక్క మామ్మకి ఎవరూ చెప్పలేదు. ఐరోపా, అమెరికా, దక్షిణాఫ్రికా జనం కూడా పోత ఇనుప గిన్నెల మూతల మీద నిప్పులు పేర్చి ఇదే లెక్కతో రొట్టెలు కాల్చుకున్నారు. డచ్ ఓవెన్ అని పిలిచే ఆ గిన్నెకి మూత చుట్టూ చిన్న గట్టు ఉంటుంది, కణికలు జారకుండా. మా మూకుడు మూతకి గట్టు లేదు. కణిక జారితే చూసుకోవాల్సింది మేమే.

మూకుడులో నూనె కాగాక పిండి దింపితే చుర్రుమంటుంది. అక్కడి నుంచి వినాలి. మొదట మోత గట్టిగా, గుంపుగా ఉంటుంది; పిండి అడుగున నీరు మరుగుతున్న చప్పుడది. కొంతసేపటికి విడివిడిగా, ఒక్కొక్క చిటపటగా మారుతుంది. ఆ తర్వాత సన్నబడి ఎక్కడో ఒక అంచు దగ్గర మాత్రమే మిగులుతుంది. అదీ ఆగాక వాసన వస్తుంది. ముందు జీలకర్ర, తర్వాత మినుము, చివర్న మాడడానికి ఒక అడుగు ముందుండే ఘాటైన తీపి. చెయ్యి ఊరుకోదు. మూత తీసి చూడాలనిపిస్తుంది. "తియ్యకురా, ఆవిరి పోతే మళ్లీ రాదు. వాసన నీ దగ్గరికే వస్తుందిలే" అనేది మామ్మ. పదిహేనేళ్ల వయసులో నన్ను ఎవరైనా కదలకుండా కూర్చోబెట్టగలిగారంటే ఆ మూతొక్కటే. ఇంగ్లీషు వ్యాసం చదువుతూ ఒక చెవి అటు పెట్టేవాణ్ని.

మూత తీశాక కనిపించేదాన్ని కాస్త దగ్గరగా చూడాలి. పైభాగం గుమ్మటంగా లేచి, నడినెత్తిన నెర్రెలిచ్చి ఉంటుంది. నూనె తగలని ఆ పై పెచ్చు పొడిగా, పలచగా, లేత బంగారు రంగులో, కణిక బాగా ఎర్రగా ఉన్నచోట గోధుమ మచ్చతో ఉంటుంది. వేలితో తడితే బోలుగా పలుకుతుంది. మూకుడు అంచుని ఆనుకున్న చుట్టు భాగం నూనెలో వేగి, సన్నని రంధ్రాలతో అల్లికలా విరుస్తుంది. తిరగేస్తే అడుగు దట్టంగా, ముదురు ఎరుపులో, అక్కడక్కడ రవ్వ పలుకు మెరుస్తూ కనిపిస్తుంది. పైన కాలింది, కింద వేగింది, మధ్యలో తన ఆవిరికి తానే ఉడికింది. ఒకే గిన్నెలో, ఒకేసారి, మూడు వంటలు. తెలుగు వంటల్లో ఇంతటి పనితనం మరెక్కడైనా ఉందా అని వెతుకుతూనే ఉన్నాను.

మన ఆలంకారికులు కవిత్వాన్ని ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని రుచి చూశారు. ద్రాక్షాపాకం నోట్లో పెట్టగానే కరిగిపోతుంది, నారికేళపాకంలో పెంకు పగిలితే గాని రసం అందదు. మన విమర్శ ఎప్పుడూ ద్రాక్షనే ముద్దు చేసింది. దిబ్బరొట్టె నిక్కమైన నారికేళపాకం. ఆ పెచ్చు పళ్లకి అడ్డుపడి, కరకరమని విరిగి, లోపలి తెల్లటి మెత్తదనం వేడి ఆవిరితో అందినప్పుడు, అంతసేపూ ఆగింది ఎందుకో నాలుకకి తెలుస్తుంది. పెచ్చు లేని మెత్తదనం ఇడ్లీలో ఉంది. నాకు ఇడ్లీ మీద కోపం లేదు, అందులో ఎదురుచూపు లేదంతే. రొట్టె మీద చెరకు పానకం పోస్తే అది పై నెర్రెల్లోంచి లోపలికి దిగుతుంది, వేగిన అడుగు దగ్గర ఆగుతుంది. ఆ చివరి ముక్కలో ఉప్పు, తీపి, కొద్దిగా చేదు కలిసే ఉంటాయి.

ఇదే పై నిప్పు పద్ధతి పెరట్లో తంపటికీ ఉంది. వానల్లో తిని పారేసిన తాటి టెంకల్ని వరసగా పాతరేస్తే చలికాలానికి తేగలూరతాయి. వాటిని తవ్వి, కుండలో నిలువుగా కుక్కి, మూతి గడ్డితో బిగించి, కుండని నేల మీద బోర్లించి, చుట్టూ పైనా కొబ్బరిమట్టలు, కమ్మలు వేసి అంటిస్తాం. మంట తేగని తాకదు. కుండ కాగుతుంది, లోపల తేగ తన తడికే మగ్గుతుంది. చల్లారాక తీసి నిలువునా చీలిస్తే నడుమ చందమామ అని పిలిచే లేత మొలక బయటపడుతుంది. దాని కోసం అక్కా నేనూ ఎంత పెద్దవాళ్లమైనా పోటీ పడేవాళ్లం. ఉడకబెట్టిన తేగకీ తంపటి తేగకీ పోలికే లేదు. నీళ్లలో ఉడికినదానికి నార మిగులుతుంది, తంపటిదానికి పొగ వాసన కొసన ఒక పాలతీపి ఉంటుంది.

డిసెంబరు రాగానే మా వీధిలో క్రైస్తవుల ఇళ్ల ముందు కాగితపు నక్షత్రాలు వెలిగేవి. ఒక పక్క ధనుర్మాసపు ముగ్గులు, హరిదాసు, ఇంకో పక్క ఆ నక్షత్రాలు. మా చలికాలం రెండింటితోనూ నిండి ఉండేది. పక్కింటి నుంచి వచ్చిన పళ్లెంలో కేకు ముక్క తిన్న రోజు నుంచి అక్కకి కేకు పిచ్చి పట్టింది. ఇంట్లో ఓవెన్ ఎక్కడిది? అందరిలాగే ప్రెషర్ కుక్కరే. వైనతేయ ఇసుక జల్లించి, కడిగి, ఎండబెట్టి డబ్బాలో దాచింది. కుక్కర్ అడుగున రెండు వేళ్ల మందం ఇసుక, దాని మీద గిన్నె, మూతకి గాస్కెట్ తీసేసి, వెయిట్ పెట్టకుండా సన్న మంట. ఇసుక వేడిని నెమ్మదిగా తీసుకుని నెమ్మదిగా ఇస్తుంది కాబట్టి అడుగు మాడదు. కేకు పొంగింది, మెత్తగానే వచ్చింది. నెత్తి మాత్రం పాలిపోయి, తడితడిగా ఉంది.

మామ్మ దాన్ని వాసన చూసి, "పైన నిప్పేదీ?" అంది.

ఆ మాటలో ఒక జీవితకాలపు విద్య ఉంది. తన మూకుడిస్తాను గానీ గుడ్డు మాత్రం వెయ్యకూడదంది. అక్క పెరుగూ వంటసోడా కలిపింది. మైదా, పంచదార పొడి, డాల్డా, రెండు యాలకులు. మూకుడులో ఇసుక, ఇసుక మీద గిన్నె, మూత మీద నేను పేర్చిన చిప్పల కణికలు. మూత తీస్తే పైన గోధుమరంగు తిరిగిన కేకు, సన్నగా పగిలి, పగుల్లోంచి పసుపుపచ్చని లోపలి భాగం చూపిస్తూ ఉంది. మామ్మ తినలేదు. వేలితో నెత్తి మీద తట్టి చప్పుడు విని, "ఆ, ఇప్పుడు కాలింది" అంది. బేకరీ కేకులు ఎన్ని తిన్నా, పలచగా పగిలే ఆ పై పొర మళ్లీ దొరకలేదు.

1995 జనవరి 8న మా ఊరికి దగ్గర్లోనే, పాశర్లపూడి దగ్గర, తవ్వుతున్న గ్యాస్ బావి పేలి అంటుకుంది. మార్చి సగం దాకా, రెండు నెలలకు పైగా ఆరలేదు. చుట్టుపక్కల జనాన్ని ఇళ్లు ఖాళీ చేయించారు. రాత్రిళ్లు ఆ దిక్కున ఆకాశం ఎర్రగా ఉండేది, ఎంత దూరాన్నుంచైనా కనబడేది. భోగి ఆ వారంలోనే వచ్చింది. పిడకల దండలు దారాలకి గుచ్చినవి గుచ్చినట్టే ఉన్నాయి. మామ్మ ఆ చలికాలమంతా రొట్టె వెయ్యలేదు. "అక్కడ ఊరు కాలుతుంటే ఇక్కడ నిప్పు చెయ్యడానికి చెయ్యి రాదురా" అంది. నిప్పుని చిప్పతో కొలిచి వాడే మనిషి ఆమె. కొలత లేని నిప్పుని అంత దగ్గర నుంచి చూడాల్సి వచ్చింది.

ఆ తర్వాత గ్యాస్ పొయ్యిలు ఒక్కొక్క ఇంటికే వచ్చాయి. 1999లో దీపం పథకం పెట్టాక పేద ఇళ్లకి కూడా సిలిండరు చేరింది. పొగలో కళ్లు పోగొట్టుకున్న ఆడవాళ్లకి అది ఎంత మేలో నాకు తెలుసు, దాన్ని తక్కువ చెయ్యను. రొట్టెకి మాత్రం పై నిప్పు పోయింది. గ్యాస్ మీద ఒక పక్క కాలాక తిరగెయ్యాలి. తిరగేస్తే గుమ్మటం అణిగిపోతుంది, పైనా కిందా ఒకేలాంటి వేపుడు పెచ్చు వస్తుంది. వశిష్ఠ మీద చించినాడ వంతెన దాటి పాలకొల్లు వెళ్తే హోటళ్లలో దిబ్బరొట్టె దొరుకుతుంది, కొన్నిచోట్ల ఇప్పటికీ మూత మీద నిప్పులు చూడొచ్చు. అలాంటి చోట వేచి ఉండాల్సొస్తే ఉండండి. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ గుర్తింపు వచ్చింది, డబ్బాల్లో విమానం ఎక్కుతున్నాయి. అంబాజీపేట పొట్టిక్కల కోసం జనం కార్లలో వస్తున్నారు. దిబ్బరొట్టె డబ్బాలో పెడితే గంటలో పెచ్చు మెత్తబడుతుంది, అందుకే దాని పేరు గోదావరి జిల్లాలు దాటి పెద్దగా పోలేదు. హైదరాబాదులో ఉంటున్న అక్క ఇప్పుడు ఓటీజీలో వేస్తుంది. పైనా కిందా రెండు కడ్డీలూ వెలిగించి, గిన్నె మీద మూత పెట్టి, చివరి పావుగంటలో మూత తీసేస్తుంది. గుమ్మటం వస్తోంది, నెర్రెలు కూడా వస్తున్నాయి. చిప్పల వాసన లేదంటే, తనకీ తెలుసంది.

ఇంత చెప్పాక ఒక్క సంగతి చెప్పకపోతే రొట్టెకి అన్యాయం చేసినవాణ్ని అవుతాను. మర్నాటి రొట్టె. రాత్రి మిగిలిన ముక్కని మామ్మ కంచం బోర్లించి గట్టు మీద ఉంచేది. తెల్లారికి పెచ్చు కరకర పోయి సాగుతుంది, లోపలి తెలుపు గట్టిపడి చాకుతో కోస్తే పలకగా తెగుతుంది. మినుము రుచి రాత్రి కంటే లోతుగా తెలుస్తుంది, వేడి అడ్డం లేదు కాబట్టి. దానికి పానకం పనికిరాదు. పాత ఆవకాయ ఊట, పైన వెన్న. స్వెట్టరు చేతులు పైకి లాక్కుని, వీధరుగు మీద నిలబడి, ఒక చేత్తో సైకిలు పట్టుకుని తినేవాణ్ని. వేడిరొట్టెకీ దానికీ మధ్య ఒకటి ఎంచుకోమంటే ఇప్పటికీ తేల్చుకోలేను.