చెఱసాల కట్టడమును, తిరిగివచ్చు మనుష్యుడును

నార్వే దేశమున 2010లో తెఱవబడిన హాల్డెన్ కారాగారమును గూర్చి వ్రాయువారిలో కొందఱు దానిని విలాసగృహమని యెగతాళి చేయుదురు. కొందఱు కిటికీలకు కమ్ములు లేవనియు, ఆవరణలోని చెట్లను కొట్టక నిలిపిరనియు మురిసిపోవుదురు. ఇరుతెగలవారును కంటి కగపడుదానినే చూచుచున్నారు. మేమడుగునది వేఱొకటి: ఆ కట్టడములో నేండ్లు గడపిన మనుష్యుడు, వెలుపలికి వచ్చిననాడు చేసికొనవలసిన పనులలో నేవి మఱవకుండును?

దీర్ఘకాలము శిక్ష ననుభవించినవానికి తలుపు తీయుటయే యలవాటు తప్పును. ఒకరు తీసినప్పుడు నడచుట, ఒకరు వడ్డించినప్పుడు తినుట, ఒకరు దీపమార్పినప్పుడు పరుండుట. పాత కట్టడములు కొన్ని యీ దుస్థితిని బుద్ధిపూర్వకముగనే కల్పించినవి. 1906లో పూర్తియైన అండమాను సెల్యులర్ జైలునకు నడుమ గోపురము, దానినుండి చక్రపు టాకులవలె ఏడు శాఖలు, మొత్తము 693 గదులు. ఒక శాఖలోని గదుల ముఖము మఱియొక శాఖ వెనుకగోడ వైపునకు తిరిగియుండును. మనుష్యుని ముఖము మనుష్యునకు గానరాకుండ జేయుటయే యచ్చటి నేర్పు.

హాల్డెనులో దీనికి విరుగుడు కలదు. నివాసము, పని, బడి వేర్వేఱు కట్టడములలో నుంచిరి. ఉదయమున బయలుదేఱి యెండలోనో మంచులోనో నడచిపోవలెను. పదిపన్నెండుగురకు కలిసి యొక వంటగది. బిడ్డలు వచ్చినప్పుడు రాత్రి గడపుటకు వేఱుగ నొక చిన్న యిల్లు. ఇవి యలంకారములు కావు, అభ్యాసములు. అయినను చుట్టును ఆఱు మీటర్ల గోడ. రాత్రివేళ గదితలుపును కావలివారే మూయుదురు.

జయపురము చెంత సాంగానేరులో 1963లో నేర్పడిన సంపూర్ణానంద శిబిరమును శిల్పశాస్త్రజ్ఞులు పొగడుట యరుదు. శిక్షలో కొంతభాగము మూసిన జైలులో గడపి సత్ప్రవర్తన చూపినవారి నచ్చటికి పంపుదురు. ఇండ్లు వారే కట్టుకొందురు, ఆలుబిడ్డలతో నుందురు, పగలు ఊరిలో కూలికో కొలువునకో పోయి సంపాదించుకొందురు, నియమితవేళకు హాజరు పలుకుదురు. గోడ వంకరగ నుండవచ్చును, పైకప్పు రేకు కావచ్చును. గొళ్లెము మాత్రము లోపలివైపున నున్నది. హాల్డెనులో నెంతో ధనము పోసి చేయించిన యభ్యాసము ఇచ్చట నిత్యజీవనమే యైనది. అందుచేతనే మేము దీనిని మేలైన కట్టడమనుచున్నాము. శిల్పి పేరు లేకపోవుట దోషము కాదు.

దోషము వేఱొకచోట నున్నది. శిక్ష తీరిననాడు ఆ యింటిని విడువవలెను. బిడ్డల బడి, పనియిచ్చు యజమాని, అప్పిచ్చు కిరాణాకొట్టు, అన్నియు ఆ చుట్టుపట్లనే యుండును. విడుదలయైనను వెడలుట కిష్టపడనివారు నుండిరనిన వింతయేమి? జైలునుండి వచ్చితినని చెప్పి గది యద్దెకడిగినవానికి మన వీథులలో దొరకు సమాధానము గృహస్థులకు తెలియనిది కాదు. శిబిరపు హద్దునకు వెలుపల, అదే బడికిని అదే పనికిని నడచిపోదగిన దూరములో, ఒకటిరెండేండ్లు అద్దె చెల్లించి యుండదగిన యిండ్లవరుస నొకదానిని ప్రభుత్వము కట్టింపవచ్చును. దానికి కావలిగది మాత్రము కట్టింపకుండవలెను.