నీళ్లు తీశాక వెళ్దాం

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగుకు గండ్లు పడి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట నీట మునిగాయి. అవే రోజుల్లో ఖమ్మంలో మున్నేరు ఇళ్ల మీదికొచ్చింది. పడవలు వెళ్లలేని చోట విజయవాడలో డ్రోన్లతో అన్నం పొట్లాలు దించారు. ఆ సాయం ప్రాణాలు నిలబెట్టింది. కానీ పొట్లాల బండ్లు తగ్గే వేళకే ఇంటివాళ్ల అసలు కష్టం మొదలవుతుంది. తాళం తీసి చూస్తే గదుల నిండా బురద, బోర్లా పడ్డ ఫ్రిజ్, ఉబ్బిపోయిన తలుపులు. మనుషులు కావాల్సింది అప్పుడు.

సింగ్‌నగర్‌లో బురద ఎత్తడానికి వెళ్లినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ పనికి ఒక వరస ఉందని అక్కడే తెలిసింది. లోపల అడుగు పెట్టకముందే కరెంటు ఆపించాలి. ఎలక్ట్రీషియన్ చూసేదాకా మెయిన్ వేయకూడదు, ఫ్రిజ్, మోటారు ముట్టుకోకూడదు. గ్యాస్ వాసన ఉందేమో చూడాలి. తర్వాత ప్రతి గదినీ, గోడ మీది నీటి గుర్తునూ ఫోన్లో ఫొటో తీయాలి. పార పట్టేది ఆ తర్వాతే. బురద తడిగా ఉన్నప్పుడే ఎత్తాలి, ఆరితే గచ్చుకు అట్టకట్టేస్తుంది. ఫైరింజన్లు వీధుల్నీ ఇళ్లనూ కడిగాయి గానీ, బీరువా వెనక, మంచం కింద మూలలు చేత్తో తీయాల్సిందే. కాళ్లకు బూట్లు, చేతులకు గ్లవుజులు తప్పనిసరి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లు చిన్న గాయానికి తగిలినా లెప్టోస్పైరోసిస్ జ్వరం రావచ్చు.

ఒక ఇంట్లో తడిసిన సామానంతా బయటికి చేరేస్తుంటే ఆ ఇల్లాలు ఆపింది. "ఆ ట్రంకు పెట్టె ఉంచండి అన్నయ్యా, పిల్లల సర్టిఫికెట్లున్నాయి" అంది. మాకు చెత్తకుప్పలా కనిపించిన దాంట్లో ఆమెకు ప్రతి వస్తువూ తెలుసు. అన్నీ పోయిన మనిషికి, ఏది ఉంచాలో ఏది వదలాలో తేల్చుకునే హక్కయినా మిగలాలి. అందుకే సాయం చేసేవాడు ముందు అడగాలి, ఆమె చెప్పినట్టు చేయాలి.

తడి కాగితాల్ని లాగి విడదీయకూడదు. పాత బట్ట మీద పరిచి, నీడలో ఫ్యాను గాలికి ఆరనివ్వాలి. అంటుకుపోయిన ఫొటోల్ని మంచి నీళ్లలో నానబెడితే మెల్లగా విడివడతాయి. బొమ్మ ఉన్న వైపు తుడవకుండా, పైకి పెట్టి ఆరబెట్టాలి. వరద నీరు తగిలిన బియ్యం, మందులు, దూది పరుపులు మాత్రం దాచుకోవద్దని నచ్చజెప్పాలి. సంపు తోడి, కడిగి, బ్లీచింగ్ వేశాకే అందులో పట్టిన నీళ్లు వాడాలి.

ఇల్లు కడగడంతో పని అయిపోదు. విజయవాడలో ముంపుకు గురైన కింది అంతస్తు ఇళ్లకు ప్రభుత్వం 25,000 రూపాయలు, పై అంతస్తులవాళ్లకు 10,000 రూపాయలు ప్రకటించింది. జాబితాలో పేరు రానివాళ్లు మళ్లీ అర్జీలు పెట్టుకోవాల్సి వచ్చింది. రోజుకూలి మానుకుని లైన్లో నిలబడలేని కుటుంబానికి ఒక అర్జీ రాసిపెట్టి, తోడు వెళ్లి రసీదు తెచ్చివ్వడం బియ్యం బస్తాతో సమానమైన సాయం.

వానాకాలం ఏటా వస్తుంది. మీ వీధిలో నలుగురు కలిసి రెండు పారలు, తట్టలు, వైపర్లు, బూట్లు సిద్ధం చేసుకోండి. ఎక్కడైనా ఇళ్లు మునిగితే నీళ్లు తీసిన మర్నాడు వెళ్లండి, ఆ తర్వాతి వారం కూడా వెళ్లండి. గుమ్మం దగ్గర నిలబడి "అక్కా, ముందు ఏ గది తీయమంటావు?" అని అడిగి పని మొదలుపెట్టండి.