నావ ఒకటే, రేవులు వేరు

గోదావరి జిల్లాల చర్చిల్లో ‘నడిపించు నా నావ’ పల్లవి ఎత్తుకుంటే పాటల పుస్తకం తెరిచేవాళ్లు తక్కువ. అందరికీ కంఠతా వచ్చు. రాసిందెవరని అడిగితే మాత్రం చాలామంది తడుముకుంటారు. రాసినవారు బాప్తిస్టు బోధకులు ఎ.బి. మాసిలామణి (1914–1990).

పాటకు మూలం లూకా సువార్త ఐదో అధ్యాయం. రాత్రంతా వల వేసినా పేతురుకు చేప పడలేదు. దోనెను లోతుకు నడిపించమని యేసు అతనితో అంటాడు. మాసిలామణి ఆ మాటను తిరగేశారు. సువార్తలో నడపాల్సినవాడు పేతురు. పాటలో నడపమని ప్రభువును వేడుకునేది మనిషి. ఆజ్ఞ ప్రార్థనైంది. కాలవల మీద పడవల్లోనే ధాన్యమూ మనుషులూ కదిలిన డెల్టాలో ఈ పోలికను విడమరచి చెప్పాల్సిన పనిలేదు.

పాట నోట నిలవడానికి కారణం కట్టుబడి. పేరులోనే ‘న’కారం మూడు మాటలనూ ఒక తాడున కట్టేసింది. పల్లవిలో మాటలు చిన్నవి. ఒకరు అందిస్తే పదిమంది అందుకోవచ్చు. ప్రతి చరణమూ చివరికి మళ్లీ పల్లవి గట్టునే చేరుతుంది. చదువురానివాళ్లకు పల్లవి ఒక్కటి వస్తే చాలు, పాటంతా వాళ్లదే.

ఈ పనితనం కొత్తది కాదు. ఇంగ్లీషు కీర్తనలను అదే బాణీలో తెలుగు చేస్తే గురువులూ లఘువులూ అడ్డం పడేవి; దీర్ఘం మీద పడాల్సిన సాగదీత హ్రస్వం మీద పడేది. పురుషోత్తమ చౌధరి (1803–1890) వంటి కవులు తెలుగు నడకకు తగ్గ రాగతాళాల్లోనే కీర్తనలు రాశారు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకంలో కీర్తనల నెత్తిన రాగమూ తాళమూ అచ్చువేయడం ఆ వారసత్వమే. 1938లో రాజమండ్రిలో బైబిల్ మిషన్ మొదలుపెట్టిన ముంగమూరి దేవదాసు కూడా ఈ దారిన నడిచినవారే.

తర్వాత క్యాసెట్లు, సీడీలు, యూట్యూబ్ వచ్చాయి. ‘నడిపించు నా నావ’ను ఎందరో గాయకులు రికార్డు చేశారు. ఒకరు విలంబంలో పాడితే అలసిన మనిషి మొర వినిపిస్తుంది. కీబోర్డు, రిథమ్ ప్యాడ్‌తో వేగం పెంచితే అదే పాట పండగ పాటవుతుంది. తప్పేమీ లేదు. కానీ సినిమా పాటలా గమకాలు దట్టిస్తే సంఘం పాడటం మాని వినడం మొదలుపెడుతుంది. పదిమంది కలిసి పాడలేని కీర్తన ఎంత అందంగా ఉన్నా కచేరీయే.

అందుకే స్టూడియో పాటలతో పాటు మీ ఊరి చర్చిలో పెద్దవాళ్లు పాడే తీరునూ ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి. దాన్ని నలుగురికీ పంపేటప్పుడు కింద మాసిలామణి పేరు రాయడం మరవకండి.