అనువాదం లేని పెప్టైడ్: తెలుగు శాస్త్రపరిభాషలో ఒక రూపకపు హద్దులు

సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లో వెలిసింది. అయిదేళ్లకు, 1906లో, ఇదే నగరంలో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి ఏర్పడింది. కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు చరిత్రతోపాటు ప్రకృతిశాస్త్రాలనూ తెలుగులో చెప్పబూనిన నాడు శాస్త్రానికి మాటలు వెతుక్కోవలసి వచ్చింది. నేడు మాటలున్నాయి. అవి విషయాన్ని చూపుతున్నాయా, కప్పుతున్నాయా అన్నది పరిశీలించవలసి ఉంది. బాక్టీరియాలను మలచి కొత్తరకం పెప్టైడ్ యాంటీబయాటిక్‌లను రాబట్టే పరిశోధనను తెలుగులో వివరించబోతే ఈ చిక్కు వెంటనే ఎదురవుతుంది.

మన పాఠ్యపుస్తకాలలో డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ ఏర్పడటం ‘అనులేఖనం’. ఆర్‌ఎన్‌ఏను బట్టి రైబోజోమ్ ప్రొటీన్‌ను తయారుచేయడం ‘అనువాదం’. లాక్టోకాకస్ లాక్టిస్ అనే బాక్టీరియా ఇచ్చే నైసిన్‌కు ఈ రూపకం చక్కగా అమరుతుంది. జన్యులిపిలో తగిన మూడక్షరాలు మారిస్తే, 34 అమైనో ఆమ్లాల ఆ గొలుసులో ఒకటి మారుతుంది. అనువాదం ముగిశాక ఇతర ఎంజైములు దానిని సంస్కరిస్తాయి. అది వేరు సంగతి.

డాప్టోమైసిన్ దగ్గర రూపకం నిలవదు. స్ట్రెప్టోమైసిస్ రోజియోస్పోరస్ అనే మట్టి బాక్టీరియా తయారుచేసే ఈ మందుకు అమెరికాలో 2003లో అనుమతి లభించింది. ఇందులోని 13 అమైనో ఆమ్లాలను జతచేసేది రైబోజోమ్ కాదు, మూడు భారీ ఎంజైములు. వాటిలో ఒక్కొక్క స్థానానికి ఒక్కొక్క విభాగం ఉంటుంది. అది తనకు తగిన అమైనో ఆమ్లాన్ని ఎంచుకొని గొలుసుకు అతుకుతుంది. ఆ ఎంజైములు జన్యువులకు అనువాదాలే. పెప్టైడ్‌కు మాత్రం ఎదుట పెట్టుకొని చదివే మాతృక లేదు.

ఇక్కడ మనకు అక్కరకొచ్చేది ఛందస్సు. ఆటవెలది మొదటి పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. స్థానం ఏ జాతి గణాన్ని కోరుతుందో నియతం; ఆ జాతిలో ఎంపిక కవిది. ఎంజైము విభాగాలూ ఇంచుమించు ఇలాగే స్థానాన్ని కాపలా కాస్తాయి. 2006లో ప్రకటితమైన క్యూబిస్ట్ సంస్థ పరిశోధనలో చివరి ఎంజైమును తీసివేసి, బంధు బాక్టీరియాల ఎంజైములను ఆ చోట నిలిపారు. 13వ స్థానంలో కైనురెనిన్‌కు బదులు ట్రిప్టోఫాన్ వంటివి చేరాయి. కొత్త పెప్టైడ్‌లు పుట్టాయి, కానీ దిగుబడి తగ్గింది. గణం కుదిరినా యతి చెడినట్లు, పరాయి విభాగం పొరుగుదానితో సరిగా పొసగకపోవచ్చు. అయితే యతి చెడినా పద్యం పూర్తవుతుంది. ఇక్కడ గొలుసు నడిమధ్యలో ఆగిపోవచ్చు. నా పోలిక కూడా అక్కడితో ఆగుతుంది.

చిక్కడపల్లి గ్రంథాలయంలో, అశోక్ నగర్ గదుల్లో పోటీపరీక్షలకు చదివే విద్యార్థి యాంటీబయాటిక్‌ను ‘సూక్ష్మజీవనాశకం’గా కంఠస్థం చేస్తాడు. ఆ మాటలో ఫలితం ఉంది, నిర్మాణం లేదు. పాత గొలుసును బాక్టీరియా తట్టుకోవడం నేర్చాక ఒక స్థానం మార్చి చూడటం ఎందుకో ఆ మాట పట్టుకొని ఊహించడం కష్టం. ‘అనువాదం’ను రైబోజోమ్‌కే వదిలి, డాప్టోమైసిన్ తయారయ్యే పద్ధతిని ‘కూర్పు’ అనవచ్చునని నా ప్రతిపాదన. పూలదండకూ పద్యానికీ మనం వాడే మాటే అది. అచ్చుకూటంలో అక్షరాలకు కూడా.