రాయియు మడమయు

మార్గశిరము ప్రవేశించి, ఉత్తరపు గాలి తిరిగి, రాత్రివేళ కాళ్ళు ముడుచుకొని పండుకొన్నప్పుడు దుప్పటి పోగులు మడమలకు తగులుకొని పీకుట మొదలైనదనిన, ఆ యేటికి పాదములను పట్టించుకొనవలసిన వేళ అయినదని గ్రహింపవలెను. దినమునకు నాలుగుమార్లు అద్దమునందు ముఖము చూచుకొనుటకు తీరిక గల మనుష్యునకు తన అరికాలు చూచుకొనుటకు ఏడాదికి ఒక్కమారైనను తీరిక చిక్కదు.

మురికివలననే మడమలు పగులునని తలచువారు చాలమంది కలరు. మూడుపూటల కాళ్ళు కడుగుకొను ఆచారవంతుల మడమలు సైతము బీటలు వారుటను వారెట్లు సమర్థింతురో తెలియదు. దేహమునందు మిగిలిన చోట్ల చర్మమును స్నిగ్ధముగా నుంచు తైలగ్రంథులు అరచేతులయందును అరికాళ్ళయందును లేవు; అచ్చట నున్నవి స్వేదగ్రంథులు మాత్రమే. అందుచేత చలిగాలి తగిలినంతనే ఆ చర్మము త్వరగా ఎండి బిగిసిపోవును. మనము నిలుచున్నప్పుడు మడమలోని కొవ్వుమెత్త శరీరభారముచే ఒత్తుకొని ప్రక్కలకు విస్తరించును. పైచర్మము మెత్తనిదైనచో దానితోపాటు సాగును, ఎండినదైనచో సాగలేక అంచున చీలును. పగుళ్ళు మడమ నడుమ గాక దాని చుట్టును పుట్టుటకు కారణమిదియే. సుశ్రుతుడు దీనిని పాదదారియను పేర క్షుద్రరోగములలో చేర్చి, అధికముగా నడచువారి రూక్షపాదములయందు వాతము చేయు పనియని చెప్పి, తేనెమైనము, నెయ్యి, సర్జరసము మొదలైనవి కూర్చిన లేపమును విధించినాడు. అయినను, చీలిన మడమతో తెల్లవారుజామున చల్లని గచ్చుపై తొలి అడుగు వేసినవాడెవడును దీనిని క్షుద్రమనుటకు ఒప్పుకొనడు.

మన ఇండ్లలో ఈ పనికి ఆదినుండియు ఉన్న పరికరము నూతి చప్టాయే. నీళ్ళు తోడి, పాదములు తడిపి, ఆ గరుకు రాతి అంచునకు మడమను రాచుకొనుటతో పని తీరెడిది. చప్టా లేనిచోట ఇటుకముక్క, అదియు లేనిచోట కొబ్బరిపీచు. తక్షశిల త్రవ్వకములలో సైతము ఒడలు రుద్దుకొను గరుకుబిళ్ళలు దొరకినవనిన, ఈ అభ్యాసము ఎంత పురాతనమో ఊహింపవచ్చును. ఇప్పుడు అంగళ్ళలో లభించు ప్యూమిస్ రాయి అగ్నిపర్వతముల సంతానము. వాయుపూరితమైన శిలాద్రవము నురుగుగా పొంగి, ఆ నురుగు ఆరిపోకముందే గాజుగా గడ్డకట్టుటచే ఏర్పడినది గనుక అది నీటిపై తేలును. 1883లో క్రకటోవా ప్రేలినప్పుడు ఎగసిన ఇట్టి రాళ్ళు తెప్పలుగట్టి, హిందూ మహాసముద్రముమీద నెలల తరబడి తేలి, ఆఫ్రికా తీరమును చేరినవి. దాని గొప్పతనమంతయు ఆ రంధ్రములలోనే యున్నది. రుద్దుకొలది సన్నని గాజుపొరలు చిట్లి, అరిగిన అంచు పోయి క్రొత్త అంచు పైకి వచ్చుచుండును. కనుక అది మొద్దువారదు. అట్లని ఒక్కపెట్టున లోతునకును దిగదు. చర్మమును అరగదీయుచు తానును అరుగును. పనిముట్లలో ఇంతటి మర్యాద అరుదు.

ఈ మర్యాద క్రొత్త పనిముట్లకు లేదు. లోహపు ఆకురాళ్ళు, పదునైన చిల్లులు పొడిచిన రేకులు, ఉప్పుకాగితము అంటించిన పట్టీలు, బ్యాటరీతో గిరగిర తిరుగు చక్రములు, ఇవన్నియు ఎంత తీసితిమని లెక్క చూపునవే. మొన్న ఒక అంగడివాడు అట్టి పెట్టె విప్పి, “రెండు తిప్పులు తిప్పితే చాలండి, పసిపాప పాదంలాగ అయిపోతుంది” అన్నాడు. “పసిపాపకు నడక రాదు కద నాయనా” అంటిని. వాడు నవ్వి మరియొక పెట్టె చూపినాడు.

నేను హాస్యమునకన్న మాట కాదది. మన బాహ్యచర్మము కనురెప్పపై 0.1 మిల్లీమీటరైనను దాటదు. అరికాలియందు సుమారు 1.5 మిల్లీమీటర్లుండును. ఆ మందము దేహము తనకై తాను కుట్టుకొన్న చెప్పు. ఒత్తిడియు రాపిడియు హెచ్చినచోట చర్మము మరింత మందమగుట దాని స్వభావము. కావున నున్నదనమునందలి మోజుచే ఎఱ్ఱబారునంతవరకు గీకువాని పాదము, మరల రాపిడి తగిలినదనుకొని మునుపటికన్న గట్టిగా పెరుగ జూచును. రుద్దుటలోని నేర్పంతయు ఎంత మిగుల్పవలెనో తెలియుటయందున్నది.

పద్ధతి చెప్పుటకు స్వల్పము. గోరువెచ్చని నీటిలో పది పదునైదు నిమిషములు నాననిచ్చి, రాతిని కూడ తడిపి, తేలికచేతితో రుద్దవలెను. తెల్లని మెత్తని పొడి రాలునంతవరకే పని. పొడి ఆగి చర్మము వెచ్చబడినదా, చేయి ఆపవలెను. బీటలోనికి రాతిని దింపరాదు, దాని గట్లను మాత్రమే పలుచన చేయవలెను. వెంటనే తుడిచి, తేమ పూర్తిగా ఆరకముందే ఆముదమో వాసెలినో పట్టించి, నూలు మేజోళ్ళు తొడిగి పండుకొన్నచో, ఆ తడి లోపలనే నిలుచును. చర్మవైద్యులు వ్రాసియిచ్చు యూరియా కలిసిన లేపనములు మందపు పొరను మెత్తబరచి, రాతికి సగము పని తగ్గించును. వారమునకొక్కమారు చాలును. బ్లేడు మాత్రము ఎవరును పట్టరాదు. మధుమేహముచే పాదములయందు స్పర్శ తగ్గినవారు రాతిని సైతము ముట్టక వైద్యునికి చూపుకొనుట మేలు, ఏలయన ఎక్కడ ఆపవలెనో చెప్పవలసిన నొప్పి వారికి చెప్పదు.

ఇక కాలనిర్ణయము. అలిపిరి దారిని చెప్పులు లేక సుమారు 3,550 మెట్లెక్కి స్వామిని చూడవలెనని మ్రొక్కుకొన్న మా వదినగారు, ప్రయాణమునకు ముందునాడు పాదములు శుభ్రముగా నుండవలదాయని రాయి చేతబట్టి కూర్చుండినది. “ఇవాళ వద్దు వదినగారూ, ఆ తోలుతోనే కొండ ఎక్కాలి. దిగి వచ్చాక తీరిగ్గా రుద్దుకోండి” అంటిని. ఆమెకు నా శాస్త్రము రుచింపలేదు. “పోనీ, ఆముదానికైనా మీ సెలవుందా?” అని అడిగినది. ఆముదమునకు ఆక్షేపణ యేమున్నది? రాత్రికి పట్టించి, మెట్లపై జారకుండునట్లు తెల్లవారి సబ్బుతో కడుగుకొమ్మంటిని.